“వాళ్ల సంగతి నువ్వే చూడు ప్రభువా” అని ప్రార్థించవచ్చా?

కొన్నేళ్ల క్రితం ఒక శుక్రవారం ఉపవాస కూడికలో జరిగిన సంగతి ఇది. వాక్యం అయిపోయింది. ప్రార్థన విన్నపాలు చెప్పమన్నారు. ఒకరు కొడుకు ఉద్యోగం గురించి, ఒకరు మోకాళ్ల నొప్పుల గురించి చెప్పారు. చివర్లో వెనక వరసలోంచి ఒకామె లేచింది. భర్త పోయి రెండేళ్లయింది. ఆ దుఃఖంలో ఉండగానే మరిది ఏవో కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని, ఉన్న ఎకరం పొలం తన పేరు మీదికి మార్చుకున్నాడు. ఆమె ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. “నా పిల్లలు ఎట్లా అడుక్కుతినే పరిస్థితికి వచ్చారో, వాళ్ల పిల్లలూ అట్లాగే అడుక్కుతినాలి. అందుకోసం ప్రార్థన చేయండి” అంది.

గదిలో ఒక్కసారిగా ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక పెద్దాయన, “అట్లా అనకూడదమ్మా, శత్రువును ప్రేమించమన్నాడు ప్రభువు” అన్నాడు. ఆమె కూర్చుంది. తర్వాతి విన్నపానికి వెళ్లిపోయాం. ఆ పెద్దాయన మాట సరైనదే అని నేనూ అనుకున్నాను. ఆమె మళ్లీ ఆ కూడికకు రాలేదు.

కొన్ని వారాల తర్వాత కీర్తనలు వరసగా చదువుతూ 109వ కీర్తన దగ్గరికి వచ్చాను. “వాని బిడ్డలు దేశద్రిమ్మరులై భిక్షమెత్తుదురు గాక” అని ఉంది. ఆమె అన్న మాటే. మా ఇంట్లో ఉన్న బైబిల్లో, నేను ఎన్నోసార్లు దాటేసి వెళ్లిన పేజీలో ఉంది. మేము అనకూడదని చెప్పిన మాటను దేవుని వాక్యం తన లోపలే దాచి ఉంచింది. ఆ రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అన్యాయం చేసినవాడి మీద దేవుని తీర్పు రావాలని క్రైస్తవుడు ప్రార్థించవచ్చా? వచ్చు అంటే శత్రువులను ప్రేమించమని యేసు చెప్పిన కొండమీది ప్రసంగం ఏమవుతుంది? కూడదు అంటే ఈ కీర్తనలు ఎందుకున్నాయి?

109 ఒక్కటే కాదు. 35, 58, 69, 83, 137 కీర్తనల్లోనూ ఇలాంటి మాటలున్నాయి. మన ప్రసంగాల్లో ఎంతో ఇష్టంగా చెప్పుకునే 139వ కీర్తనలో కూడా, “నేనెక్కడికి పారిపోవుదును” అన్న మాటల తర్వాత చివర్లో దుష్టులను చంపమనే విన్నపం ఉంది. దాన్ని వదిలేసి ముందు భాగమే చదువుతాం. వీటిని శాప కీర్తనలు అంటారు. 58వ కీర్తనలో “దేవా, వారి నోటి పండ్లను విరుగగొట్టుము” అని సూటిగా ఉంటుంది. కీర్తనల పుస్తకం బయట కూడా ఇవి కనిపిస్తాయి. తనను చంపాలని చూసినవాళ్ల మీద యిర్మీయా ఇలాగే ప్రార్థించాడు. యెరూషలేము గోడ కడుతుంటే వెక్కిరించినవాళ్ల మీద నెహెమ్యా ఇలాగే ప్రార్థించాడు.

సంఘానికి వీటితో ఇబ్బంది కొత్తగా మొదలైంది కాదు. 1784లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ అమెరికాలోని మెథడిస్టుల కోసం ఆరాధన పుస్తకం తయారు చేసినప్పుడు చాలా కీర్తనలనూ, మరికొన్నిటిలో భాగాలనూ తీసేశాడు. క్రైస్తవ సంఘం నోటికి అవి ఏమాత్రం తగవు అన్నది ఆయన చెప్పిన కారణం. రెండో వాటికన్ మహాసభ తర్వాత 1971లో వచ్చిన కతోలిక ప్రార్థన క్రమంలోంచి 58, 83, 109 కీర్తనలను పూర్తిగా తొలగించారు. మరికొన్నిటిలో కఠినమైన వచనాలను విడిచిపెట్టారు. మన తెలుగు సంఘాల్లో అధికారికంగా ఎవరూ ఏదీ తీసేయలేదు. మౌనంగా పక్కన పెట్టాం, అంతే.

తీసేసినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ 109వ కీర్తనను మధ్యలో కాకుండా మొదటి వచనం నుంచి చదివితే వేరే దృశ్యం కనిపిస్తుంది. ఆ కీర్తన రాసిన మనిషి మీద అబద్ధపు నిందలు మోపారు. “నేను చూపిన ప్రేమకు ప్రతిగా వారు నామీద పగపట్టియున్నారు” అంటాడు. ఆ కీర్తనలో అడుగడుగునా కోర్టు భాషే. ఆరో వచనంలో తీర్పు జరుగుతున్నప్పుడు వాడి కుడిపక్కన నేరం మోపేవాడు నిలబడాలి అంటాడు. ఆఖరి వచనానికి వచ్చేసరికి దరిద్రుడి కుడిపక్కన యెహోవా నిలబడి ఉంటాడు. అంటే తన తరఫున మాట్లాడే మనిషి దొరకనివాడు నేరుగా పై కోర్టుకు వెళ్లి వేసుకున్న పిటిషన్ ఇది. కింది కోర్టు అమ్ముడుపోయింది కాబట్టే పై కోర్టుకు వచ్చాడు.

ఇక “వాని బిడ్డలు తండ్రిలేనివారవుదురు గాక, వాని భార్య విధవరాలగును గాక” అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? నిర్గమకాండం 22వ అధ్యాయం తీసి చూడండి. విధవరాలినీ దిక్కులేని పిల్లనూ బాధపెట్టవద్దు, వాళ్లు నాకు మొరపెడితే నేను తప్పక వింటాను అని దేవుడు అక్కడ ధర్మశాస్త్రంలో చెబుతున్నాడు. విని ఏం చేస్తాడు? “మీ భార్యలు విధవరాండ్రగుదురు, మీ పిల్లలు దిక్కు లేనివారగుదురు” అంటాడు. ద్వితీయోపదేశకాండం 19 ఇంకా స్పష్టంగా ఉంటుంది. అబద్ధ సాక్ష్యం చెప్పినవాడు ఎదుటివాడికి ఏం జరగాలని కోరుకున్నాడో అదే వాడికి జరగాలి. కాబట్టి 109వ కీర్తన కోపంలో కల్పించుకున్న శిక్షల జాబితా కాదు. నువ్వే రాసిన చట్టం ఇది, దాన్ని అమలు చెయ్యి అని దేవుణ్ణే అడగడం. కూడికలో లేచి నిలబడినామె తెలియకుండానే నిర్గమకాండం 22ను ఉదహరించింది. ఆమె విధవరాలు. ఆమె పిల్లలకు తండ్రి లేడు. ఆ అధ్యాయం ఎవరి కోసం రాసి ఉందో అచ్చంగా వాళ్లే.

ఇంకో మాట కూడా ఉంది. ఆరో వచనం నుంచి పంతొమ్మిదో వచనం దాకా ఉన్న శాపాలు కీర్తనకారుడివి కావు, శత్రువులు అతని మీద పలికినవాటిని అతను దేవుని ముందు తిరిగి చెబుతున్నాడు అని కొందరు పండితులు అంటారు. అంతకుముందు “వారు” అని బహువచనంలో ఉన్న శత్రువులు అక్కడ హఠాత్తుగా “వాడు” అని ఏకవచనంలోకి మారడం వాళ్ల ఆధారం. తర్వాత 28వ వచనంలో “వారు శపించుచున్నారు గాని నీవు దీవించుదువు” అని కూడా ఉంది. ఆ వాదంలో బలం లేకపోలేదు. అయినా నేను దాని మీద ఆధారపడను. ఈ ఒక్క కీర్తనకు ఆ దారి దొరికినా 58కీ 137కీ దొరకదు.

137 గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. “బబులోను నదులయొద్ద కూర్చుండియున్నప్పుడు” అని మొదలయ్యే ఆ కీర్తన మొదటి భాగం ఎంత అందమైనదో చివరి వచనం అంత భయంకరమైనది. పసిపిల్లలను పట్టుకుని బండకేసి కొట్టేవాడు ధన్యుడు అంటుంది. క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును నేలమట్టం చేసింది. యూదుల రాజు సిద్కియా కళ్లముందే అతని కొడుకులను చంపి, తర్వాత అతని కళ్లు పీకి బబులోనుకు తీసుకెళ్లారు. ఆ కీర్తన పాడినవాళ్లు అలాంటివి చూసి వచ్చినవాళ్లు. వాళ్ల చేతుల్లో ఆయుధం లేదు, రాజ్యం లేదు, తిరిగి వెళ్లే దారి లేదు. పైగా బబులోనువాళ్లు వాళ్లను “మీ సీయోను పాట ఒకటి పాడండి” అని అడిగారు. ఆ వచనాన్ని ప్రాచీన కాలం నుంచే ఓరిగెను, అగస్టీను వంటి సంఘ పండితులు వేరే అర్థంలో చదివారు. పసిపిల్లలంటే మనసులో అప్పుడే పుడుతున్న చెడు కోరికలు, బండ అంటే క్రీస్తు అన్నారు. భక్తికి పనికొచ్చే ఆలోచనే. కానీ ఆ నది ఒడ్డున కూర్చున్న తల్లి మనసులో ఉన్నది అది కాదు. నేను ఆ వచనాన్ని ప్రార్థనగా చేయలేను. బైబిల్లోంచి చించేయనూ లేను. అన్నీ పోయిన మనిషి దేవుని ముందు ఎంతవరకు మాట్లాడగలడో చూపించడానికి అది అక్కడ ఉందని అనుకుంటాను. దేవుడు ఆ మాటను విన్నాడు, ఆ మాట ప్రకారం చేయమని ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. క్రీస్తుపూర్వం 539లో బబులోనును పట్టుకున్నది పారసీక రాజు కోరెషు. యూదులు కత్తి పట్టలేదు. వాళ్లు మూటలు సర్దుకుని ఇంటికి బయలుదేరారు.

అదే చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం కూడా మన బైబిల్లో ఉంది. మిమ్మల్ని చెరపట్టి తీసుకెళ్లిన పట్టణం క్షేమం కోరి “దానికొరకు యెహోవాను ప్రార్థన చేయుడి” అన్నాడు. ఒకే పట్టణం, ఒకే జనం, దాదాపు ఒకే కాలం. ఒకవైపు 137వ కీర్తన, ఇంకోవైపు యిర్మీయా 29. ఈ రెండిటినీ ఒకే పుస్తకంలో కుట్టిపెట్టినవాళ్లకు వాటి మధ్య దూరం తెలియదని అనుకోలేం.

ఇక అసలు చిక్కు యేసు మాట దగ్గర వస్తుంది. “మీ శత్రువులను ప్రేమించుడి, మిమ్మును హింసించువారికొరకు ప్రార్థన చేయుడి.” దీన్ని తగ్గించి చెప్పడానికి నేను సిద్ధంగా లేను. తమను చేర్చుకోని సమరయుల ఊరి మీద ఆకాశం నుంచి అగ్ని దిగేలా చెప్పమంటావా అని యాకోబు, యోహాను అడిగితే ఆయన వాళ్లనే గద్దించాడు. సిలువ మీద తనను చంపుతున్నవాళ్ల కోసం క్షమాపణ అడిగాడు. స్తెఫను రాళ్ల కింద చనిపోతూ “వారిమీద ఈ పాపము మోపకుము” అన్నాడు. ఆ రాళ్లు వేసినవాళ్ల బట్టలకు కాపలా ఉన్న యువకుడి పేరు సౌలు, తర్వాత పౌలుగా మారినవాడు. స్తెఫను ఆ ప్రార్థన చేయకపోతే సంఘానికి పౌలు ఉండేవాడు కాదు అని అగస్టీను అన్నాడు. ఆ మాట చదివిన ప్రతిసారీ నా మనసు కదిలిపోతుంది.

అయితే పాత నిబంధనలో శాపం, కొత్త నిబంధనలో ప్రేమ అని గీత గీసేయడం మాత్రం కుదరదు. కొత్త నిబంధన ఆ గీతను ఒప్పుకోదు. యేసును పట్టించిన యూదా ఇస్కరియోతు స్థానంలో మరొకరిని ఎన్నుకునేటప్పుడు పేతురు ఉదహరించింది 69, 109 కీర్తనలనే. యేసే స్వయంగా లూకా 18లో ఒక విధవరాలి కథ చెప్పాడు. ఆమె దేవునికి భయపడని న్యాయాధిపతి దగ్గరికి రోజూ వెళ్లి “నా ప్రతివాదికిని నాకును న్యాయము తీర్చుము” అని అడుగుతుంది. ఈమె నన్ను విసిగించి చంపుతోంది, తీర్పు ఇచ్చేస్తాను అనుకుంటాడతను. అక్కడ మూలభాషలో ఉన్న మాట ముష్టియుద్ధంలోది. కంటి కింద గుద్దడం అని దాని అర్థం. ఒంటరి విధవరాలు, చేతిలో ఏమీ లేనిది, న్యాయాధిపతిని గుద్దుతోందట. ఆ కథ చెప్పి యేసు, రాత్రింబగళ్లు మొరపెట్టేవాళ్లకు దేవుడు న్యాయం తీర్చడా అని అడిగాడు. మన కూడికల్లో ఈ భాగాన్ని “విసుగక ప్రార్థించాలి” అన్న పాఠానికి వాడతాం. ఉద్యోగం కోసం, వీసా కోసం విసుగకుండా ప్రార్థించమని చెబుతాం. కథలో ఆమె అడిగింది మాత్రం తనకు అన్యాయం చేసినవాడి మీద తీర్పు.

యాకోబు పత్రికలో పొలం కోసిన పనివాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలే మొరపెడుతుంది. ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో బలిపీఠం కింద ఉన్న హతసాక్షులు “యెందాక తీర్పు తీర్చకయు మా రక్తము నిమిత్తము భూనివాసులకు ప్రతిదండన చేయకయు ఉందువు” అని కేకలు వేస్తారు. వాళ్లు పరలోకంలో ఉన్నవాళ్లు. వాళ్లలో ఇంకా శరీర స్వభావం మిగిలి ఉందని ఎవరూ అనలేరు. దేవుడు వాళ్లను అలా అనకూడదు అని గద్దించలేదు. తెల్లని వస్త్రాలిచ్చి ఇంకొంచెం కాలం ఆగమన్నాడు.

ప్రేమించమన్న ఆజ్ఞ, న్యాయం తీర్చమన్న మొర ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో చూడాలంటే పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయం చదవాలి. జైల్లో ఉన్నాడు, చావు దగ్గరపడిందని తెలుసు. అలెక్సంద్రు అనే కంచరివాడు నాకు చాలా కీడు చేశాడు, అతని క్రియల చొప్పున ప్రభువు అతనికి ప్రతిఫలమిస్తాడు అంటాడు. వెంటనే, అతని విషయంలో నువ్వు కూడా జాగ్రత్తగా ఉండు అంటాడు. ఆ తర్వాతి వాక్యంలోనే, విచారణప్పుడు తనను ఒంటరిగా వదిలేసి పారిపోయినవాళ్ల గురించి రాస్తూ “ఇది వారికి నేరముగా ఎంచబడకుండును గాక” అంటాడు. భయపడి పారిపోయినవాళ్లను క్షమించాడు. కావాలని, పనిగట్టుకుని కీడు చేసినవాడి లెక్కను దేవునికి వదిలేశాడు. ఇంకొకరికి అదే కీడు జరగకుండా హెచ్చరించాడు. అతని పళ్లు రాలాలని కోరుకోలేదు, అతను మంచివాడని నటించనూ లేదు.

రోమా పత్రిక 12వ అధ్యాయంలోని మాట మన అందరికీ కంఠతా వచ్చు. “పగతీర్చుట నా పని, నేనే ప్రతిఫలము నిత్తును.” దానికి ముందున్న చిన్న మాటను గమనించం: “దేవుని ఉగ్రతకు చోటియ్యుడి.” చోటివ్వాలంటే ముందు మనం ఆ చోటు ఖాళీ చేయాలి. పగ తీర్చుకునే కుర్చీలో నేను కూర్చుని ఉంటే దేవునికి అక్కడ చోటు లేదు. న్యాయం కోసం చేసే ప్రార్థన ఆ కుర్చీలోంచి లేవడమే. మరిది గొంతు పట్టుకోవాల్సిన చేతులు దేవుని ముందు జోడించి ఉన్నాయి. ఆ చేతుల్ని చూసి నీకు ప్రేమ లేదు అని ఎలా అనగలం?

మన భాషలో దీనికి దగ్గరగా ఉన్న మాట ‘ఉసురు’. పేదవాణ్ణి ఏడిపిస్తే ఉసురు తగులుతుంది అంటాం. మంచి మాటే, చాలామంది దుర్మార్గుల్ని కొంతవరకైనా ఆపిన మాట. కానీ ఉసురు దానంతటదే తగులుతుంది. మధ్యలో వినేవాళ్లు ఎవరూ లేరు, విచారణ లేదు. శాపనార్థాలూ అంతే. మాట నోట్లోంచి వచ్చిందంటే వెళ్లి తగలాలని మన ఉద్దేశం. మొర అలా కాదు. మొర ఒకరి దగ్గరికి వెళుతుంది. ఆయన వింటాడు, రెండు పక్షాలూ చూస్తాడు, నేను చెప్పినదాంట్లో అబద్ధం ఉంటే అదీ చూస్తాడు. కారణం లేని శాపం ఎగిరిపోయే పిట్టలాంటిది, అది తగలదు అని సామెతల గ్రంథం చెబుతుంది. 139వ కీర్తన దుష్టుల మీద తీర్పు అడిగి, వెంటనే నన్ను కూడా పరిశోధించు, నాలో చెడ్డ మార్గం ఉందేమో చూడు అని ముగుస్తుంది. పిటిషన్ వేసినవాడు తన పత్రాలు కూడా జడ్జి ముందు పెట్టాడన్నమాట. ఆ చివరి రెండు వచనాలు నోటికి రానప్పుడు మనం చేస్తున్నది మొర కాదేమో అని నన్ను నేను అడుగుతుంటాను.

తెలుగులో చదివేవాళ్లకు ఇంకో విషయం తడుతుంది. మన బైబిల్లో శాపం ‘గాక’ తోనే ముగుస్తుంది, ప్రభువు ప్రార్థనలోని మొదటి విన్నపాలూ ‘గాక’ తోనే ముగుస్తాయి. “నీ రాజ్యము వచ్చు గాక.” ఆ రాజ్యం వస్తే మోసంతో రాయించుకున్న పొలం ఆ మరిది చేతిలో ఉండదు. బిగపట్టిన కూలి యజమాని పెట్టెలో ఉండదు. ప్రతి ఆదివారం మనం చేసే ఆ ప్రార్థనలో తీర్పు ఇమిడే ఉంది. గట్టిగా అనం, అంతే.

ఇక్కడిదాకా ఒప్పుకున్నా, ఒక ప్రమాదం గురించి చెప్పకపోతే నేను తప్పు చేసినట్టే. ఈ ప్రార్థన ఎవరి నోట్లో ఉంది అన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోతుంది.

పది, పదకొండు శతాబ్దాల్లో ఫ్రాన్స్ మఠాల్లో ఒక ఆచారం ఉండేది. మఠం భూమిని ఎవరైనా దొర ఆక్రమిస్తే, సన్యాసులు ఆరాధన మధ్యలో నేల మీద సాష్టాంగపడి, పరిశుద్ధుల అస్థికలను బలిపీఠం మీది నుంచి దించి నేల మీద ముళ్లతో పెట్టి, ఆ ఆక్రమించినవాడి మీద కీర్తనలతో శాపాలు చదివేవాళ్లు. మొదట్లో అది సైన్యం లేనివాళ్లు సైన్యం ఉన్నవాళ్ల మీద పెట్టిన మొరే. కానీ మఠాలే పెద్ద భూస్వాములు. పొలం గట్టు తగాదాకు కూడా దేవుని ఉగ్రతను పిలిచే అలవాటైతే ఏమవుతుందో ఊహించవచ్చు. 1274లో లియోన్‌లో జరిగిన మహాసభ పరిశుద్ధుల అస్థికలనూ ప్రతిమలనూ అలా ముళ్ల మధ్య నేల మీద పెట్టడాన్ని నిషేధించింది.

మన కాలంలోనూ ఇదే జరుగుతోంది. 2009లో అమెరికాలో కొందరు కార్ల మీద “ఒబామా కోసం ప్రార్థించండి, కీర్తన 109:8” అని స్టిక్కర్లు అంటించుకున్నారు. ఆ వచనం తీసి చూస్తే “అతని జీవితదినములు కొద్దివగును గాక, వాని ఉద్యోగమును వేరొకడు తీసికొనును గాక” అని ఉంటుంది. ఎన్నికల్లో ఓడిన కోపానికి, ఆస్తి పోయిన విధవరాలి మాటను దొంగిలించారు.

మన దగ్గర ఇంకోలా జరుగుతుంది. సంఘం డబ్బు లెక్క అడిగిన మనిషికి కొందరు బోధకులు వేదిక మీద నుంచి “నేను అభిషేకించినవారిని ముట్టకూడదు” అనే వచనం చదివి వినిపిస్తారు. నా మీద నోరెత్తినవాడు ఏమయ్యాడో తెలుసా అని సాక్ష్యాలు చెబుతారు. పిల్లలున్న తల్లులు భయంతో వణికిపోవడం నేను చూశాను. ఆ వచనం 105వ కీర్తనలోది. అక్కడ అభిషిక్తులు ఎవరు? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. కొద్దిమంది మనుషులు, సొంత భూమి లేక దేశం నుంచి దేశానికి తిరిగే పరదేశులు. వాళ్ల జోలికి వెళ్లవద్దని దేవుడు గద్దించింది రాజులను. బలహీనుణ్ణి రాజు నుంచి కాపాడిన మాటను, మైకు చేతిలో ఉన్నవాడు ప్రశ్న అడిగిన బలహీనుడి మీద వాడుతున్నాడు. ఇది వాక్యాన్ని తలకిందులు చేయడం. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

సరిగ్గా వాడిన సందర్భాలూ ఉన్నాయి. వర్ణవివక్ష పాలన నడుస్తున్న దక్షిణాఫ్రికాలో 1985 జూన్ 16న, సొవెటోలో పిల్లల మీద కాల్పులు జరిగి తొమ్మిదేళ్లు నిండిన రోజున, అక్కడి చర్చిల సమాఖ్య అన్యాయ పాలన అంతం కోసం ప్రార్థన చేయమని పిలుపునిచ్చింది. అప్పటిదాకా పాలకుల కోసం ప్రార్థించడమే క్రైస్తవ ధర్మం అని నేర్చుకున్న సంఘాల్లో ఇది పెద్ద దుమారం రేపింది. వాళ్లు అడిగింది పాలకుల చావు కాదు, ఆ పాలన పోవాలని. 1994లో పోయింది.

జర్మనీలో 1937 జులై 1న పాస్టర్ మార్టిన్ నీమోలర్‌ను నాజీ ప్రభుత్వం అరెస్టు చేసింది. పది రోజుల తర్వాత, ఫింకెన్‌వాల్డేలో తాను నడుపుతున్న వేదాంత పాఠశాలలో డీట్రిచ్ బోన్‌హోఫర్ ప్రసంగానికి 58వ కీర్తన ఎంచుకున్నాడు. పళ్లు విరగగొట్టమనే కీర్తన. అన్యాయం కళ్లముందే ఉంది. అయినా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఈ ప్రార్థన మనం చేయగలమా అని. మన చేతులు అంత శుభ్రంగా లేవు, దీన్ని చేయగలిగినవాడు పాపం లేని క్రీస్తు ఒక్కడే, ఆ కీర్తనలో అడిగిన ప్రతిదండన సిలువ మీద ఆయన మీదనే పడింది, కాబట్టి ఈ ప్రార్థన చేసేవాడు ఆ సిలువ కింద నిలబడి, తానూ క్షమాపణ పొందినవాడిగానే చేయాలి అన్నాడు. మాట్లాడిన మనిషి సుఖంగా కూర్చుని చెప్పినవాడు కాదు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఆయన్ను ఉరితీశారు. ఈ విషయం మీద నేను చదివినవాటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ ప్రసంగమే.

చివరిగా, ఈ ప్రార్థనకూ పోలీసు స్టేషన్‌కూ కోర్టుకూ సంబంధం ఏమిటి? మన సంఘాల్లో చాలామంది, ముఖ్యంగా భర్త చేతిలో దెబ్బలు తినే ఆడవాళ్లు వినే సలహా ఒకటే: ప్రార్థనలో పెట్టు, కేసు పెట్టకు. పౌలు అలా చేయలేదు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, తెల్లారాక గుట్టుగా వెళ్లిపొమ్మంటే, అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అని పట్టుబట్టాడు. తర్వాత ఏకంగా కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. “పగతీర్చుట నా పని” అన్న రోమా 12 తర్వాత వెంటనే 13లో, చెడు చేసినవాణ్ణి శిక్షించే అధికారి దేవుని సేవకుడు అని రాశాడు. పౌలు రాసినప్పుడు ఆ రెండిటి మధ్య అధ్యాయం గీత లేదు. దేవుని ఉగ్రతకు చోటివ్వడంలో చట్టానికి చోటివ్వడం కూడా ఉంది. కాబట్టి మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేసిన చెల్లెలి ప్రార్థన తక్కువదేమీ కాదు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, అతని కొడుకులు పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. గ్రాహం భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని చెప్పింది. ఆ మాట మనం ఎన్నో వేదికల మీద చెప్పుకున్నాం. క్షమించడం వేరు, నేరానికి చట్టం ఇచ్చే ఫలితం వేరు, రెండిటినీ కలపకూడదు అని కూడా ఆమె చెప్పింది. ఆ రెండో సగం మన ప్రసంగాల్లో వినిపించదు. కేసు నడిచింది. ప్రధాన దోషి దారాసింగ్‌కు పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమాపణ ఆ తీర్పును ఆపలేదు, ఆ తీర్పు ఆమె క్షమాపణను అబద్ధం చేయలేదు.

అందరికీ అలాంటి తీర్పు రాదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపారు. పదహారేళ్లకు, 2007లో, ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. కోస్తా పల్లెల్లో చర్చి చాపల మీద కూర్చునేవాళ్లలో ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్లే. ఇలాంటి వార్త విన్న ఆదివారం వాళ్ల చేతికి ఏ కీర్తన ఇవ్వాలి? ఓదార్చే 23వ కీర్తన ఇవ్వవచ్చు. 94 కూడా ఇవ్వాలి. “ప్రతికారము చేయు దేవా, ప్రకాశింపుము” అని మొదలవుతుంది అది. అన్యాయాన్ని చట్టంగా రాసే సింహాసనంతో నీకు పొత్తు ఉంటుందా అని దేవుణ్ణి అడుగుతుంది. ఆ కీర్తనను వాళ్ల నుంచి దాచిపెట్టి ప్రేమ గురించి మాత్రమే చెబితే, అన్యాయం చేసినవాడికి మనం తెలియకుండానే సాయం చేసినట్టవుతుంది.

ఆ శుక్రవారం కూడిక మళ్లీ జరిగితే, ఆమె మళ్లీ లేచి అదే మాట అంటే, ఇప్పుడు నేను ఏం చేస్తానో నాకు తెలుసు. ముందు 109వ కీర్తన తీసి మొదటి వచనం నుంచి ముప్పై ఒకటో వచనం దాకా ఆమె కోసం గట్టిగా చదువుతాను. పిల్లలు అడుక్కుతినాలి అన్న వచనం దాటేయను. ఆ తర్వాత ఆమె మరిది పిల్లల పేర్లు అడుగుతాను. వాళ్లకు ఈ సంగతితో సంబంధం లేదని ఆమెకూ తెలుసు. ఆ పేర్లు కూడా ప్రార్థనలో చెబుతాం. ఆమె చేత కుదరకపోతే నేను చెబుతాను. తర్వాత ఆ వేలిముద్ర వేయించుకున్న కాగితం నకలు ఎక్కడ దొరుకుతుందో, సోమవారం ఆమెతో పాటు రిజిస్ట్రారు ఆఫీసుకు ఎవరు వెళ్లగలరో కూడికలోనే అడుగుతాను.